పడిశమా, ఫ్లూనా: ఊపిరి లెక్క
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో అనంతగిరిలో చేసిన ప్రసంగ పాఠం)



అనంతగిరి అనగానే హైదరాబాద్ వాళ్ళకు వికారాబాద్ గుట్టలు గుర్తొస్తాయి. పాతతరం వాళ్ళకైతే అక్కడి క్షయ ఆసుపత్రి గుర్తొస్తుంది. మంచిగాలి పీలిస్తే దగ్గు నెమ్మదిస్తుందని రోగుల్ని ఆ గుట్టల మీదికి పంపిన కాలం ఒకటుండేది. మన అనంతగిరి అది కాదు. ఇది 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లాతో పాటే పుట్టిన మండలం, కోదాడ పొరుగున ఉంది. ఇక్కడ కొండగాలి లేదు, మిర్చి కల్లాల ఘాటు ఉంది. అయినా ఈవేళ్టి మాట దగ్గు గురించి, తుమ్ము గురించి, జ్వరం గురించి కాబట్టి ఊరి పేరు అతికినట్టే ఉంది.

ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆయన డిస్పెన్సరీ పెట్టుకుని నాడి చూసిన డాక్టరు కాదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు దొరల కంట పడి, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, బతుకుతెరువుకు ఆసుపత్రిలో రాత్రిపూట ఊడిగం చేశారు. కణంలో శక్తిని మోసే పదార్థాల మీద పని చేసిన ఆ మనిషే తర్వాత లెడర్లీ మందుల సంస్థలో ఫోలిక్ ఆమ్లం తయారీకి, బోదకాలు మందుకు, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్‌కు దారి వేశారు. ఆయన నడిపించిన ప్రయోగశాలలోనే 70 ఏళ్ళు దాటిన బెంజమిన్ డుగ్గర్ ఒక పొలం మట్టిలోంచి బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. దాని నుంచి వచ్చిన మందు ఆరియోమైసిన్. అది లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆ మందు దగ్గరికి ఈ ప్రసంగం మళ్ళీ వస్తుంది. జలుబుకు యాంటిబయాటిక్ రాయించుకునే అలవాటున్న వాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోండి.

చెప్పదలచుకున్నది ఒక్కటే. మహమ్మారి నడిచే రోజుల్లో ‘ఇది జలుబా, ఫ్లూనా’ అని లక్షణాలు చూసి పేరు పెట్టడం దాదాపు కుదరని పని. అయితే అవే లక్షణాలు చూసి ఏం చేయాలో తేల్చుకోవడం మాత్రం బాగా కుదిరే పని. ఆ తేడా ఎలా తెలిసివచ్చిందో మెట్టు మెట్టుగా చూద్దాం.

1. మామూలు రోజుల తేడా

మన వైపు సర్ది అంటారు, పడిశం అంటారు, కృష్ణకు అవతల రొంప అంటారు. పడిశం పది రోగాల పెట్టు అన్న సామెత వినని ఇల్లు లేదు. మందు వాడితే వారంలో, వాడకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న వేళాకోళమూ అందరికీ తెలిసిందే. రెండింట్లోనూ నిజం ఉంది. జలుబు ఒక్క క్రిమి పని కాదు. రైనోవైరస్‌లే 160 రకాలకు పైగా ఉన్నాయి. వాటికి తోడు మరికొన్ని జాతులు. ఒకదానికి ఒళ్ళు అలవాటుపడేలోగా ఇంకొకటి తగులుతుంది.

జలుబు నడుస్తూ వస్తుంది. పొద్దున గొంతులో గరగర, సాయంత్రానికి తుమ్ములు, మర్నాటికి ముక్కు కుళాయి. పెద్దవాళ్ళకు జ్వరం రాదు, వచ్చినా ఒళ్ళు వెచ్చబడటం వరకే. మనిషి చీదుకుంటూనే నాటుకు పోతాడు, దుకాణం తెరుస్తాడు. ఫ్లూ అలా కాదు, మీద పడుతుంది. మధ్యాహ్నం అన్నం తినే దాకా బాగానే ఉన్న మనిషి సాయంత్రం ఆరింటికి దుప్పటి అడుగుతాడు. 102, 103 జ్వరం, వణుకు, తలపోటు, పొడి దగ్గు, ఒళ్ళంతా పచ్చిపుండు. ఎప్పుడు మొదలైందని అడిగితే జలుబు మనిషి ‘మొన్నటి సంది’ అంటాడు, ఫ్లూ మనిషి గంటతో సహా చెబుతాడు. జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగినా నీరసం వారం పది రోజులు వదలదు.

2000 సంవత్సరంలో అచ్చయిన ఒక పరిశోధనలో, ఫ్లూ తిరుగుతున్న రోజుల్లో దగ్గు, జ్వరం రెండూ ఉండి వచ్చిన ప్రతి 100 మందిలో దాదాపు 80 మందికి పరీక్షలో ఫ్లూయే తేలింది. ఇందులో ‘ఫ్లూ తిరుగుతున్న రోజుల్లో’ అన్న ముక్కను పట్టుకోండి. అవే దగ్గు, అదే జ్వరం ఫ్లూ లేని నెలలో అంత గట్టి సాక్ష్యం కావు. లక్షణానికి అర్థం రోగి ఒంట్లో సగమే ఉంటుంది, మిగతా సగం ఊళ్ళో ఏం తిరుగుతోందన్న దాంట్లో ఉంటుంది.

2. ఊళ్ళో ఏది తిరుగుతోంది

1918 వేసవిలో బొంబాయి రేవులో దిగిన జబ్బు మొదట అందరూ ఎరిగిన జ్వరంలాగే కనిపించింది. మూడు రోజులు పడకేసి లేచేవారు. వానలు వెనకబట్టే కాలానికి అదే జబ్బు రెండో రూపంలో తిరిగొచ్చింది. దేశంలో కోటికి పైగా ప్రాణాలు పోయాయని చరిత్రకారుల అంచనా. 2016 దాకా మన జిల్లా అయిన నల్లగొండ అప్పుడు నిజాం రాజ్యంలోది. 1911 జనగణనలో ఆ రాజ్యం జనాభా 1 కోటి 33 లక్షలు దాటింది. 1921లో అది 1 కోటి 25 లక్షల లోపుకు దిగింది. పదేళ్ళలో పెరగాల్సిన జనం దాదాపు 9 లక్షలు తగ్గారు. కరవు కూడా తోడైంది కాని, ఆ లెక్కలో పెద్ద వాటా ఇన్‌ఫ్లుయెంజాదే.

ఆ రోజుల్లో సుబ్బారావు మద్రాసులో వైద్య విద్యార్థి. అప్పటి వైద్య పుస్తకాలు ఫ్లూకు కారణం ఫైఫర్ కనిపెట్టిన బాక్టీరియా అని రాశాయి. అది తప్పు. అసలు దోషి వైరస్ అని 1933లో లండన్‌లో తేలింది. అదీ ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువు మూలంగా. జబ్బుపడిన ఫెరెట్ ఒకటి పరిశోధకుడి ముఖం మీదే తుమ్మింది, ఆయనకు ఫ్లూ వచ్చింది. ఒక్కోసారి శాస్త్రం ఇలా తుమ్ముతో కూడా ముందుకు పోతుంది.

1957 మే నెలలో సింగపూర్ నుంచి మద్రాసు రేవుకు వచ్చిన ఓడతో ఏషియన్ ఫ్లూ మన దేశంలో అడుగుపెట్టింది. అప్పుడూ మొదట్లో అందరూ అన్నమాట ఒకటే: మామూలు జ్వరమే. పాత పేరు పెట్టుకుంటే భయం తగ్గుతుంది, దాంతోపాటు జాగ్రత్తా తగ్గుతుంది.

3. పేరు తేల్చకుండానే పని తేల్చిన ఏడాది

2009 మే నెల మధ్యలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు తేలింది మన హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పెట్టి చికిత్స చేశారు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించింది. ఆగస్టులో పుణెలో తొలి మరణం వార్త రాగానే జనం ముక్కు చీదిన ప్రతివాళ్ళనూ పరీక్షకు తీసుకెళ్ళారు. అంతమందికి పరీక్షలు చేసే లాబొరేటరీలు లేవు.

అప్పుడు కేంద్ర ఆరోగ్యశాఖ తెచ్చిన పద్ధతి నిజానికి చాలా తెలివైనది. రోగుల్ని ఏ, బీ, సీ అని మూడు గుంపులు చేసింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉంటే ఏ. పరీక్ష వద్దు, ఫ్లూ మందు వద్దు, ఇంట్లో ఉండండి, ఒకటి రెండు రోజులు చూడండి. జ్వరం బాగా కాస్తే, లేదా జ్వరం కొద్దిదే అయినా ఆ మనిషి గర్భిణి, ఐదేళ్ళలోపు బిడ్డ, 65 దాటిన ముసలివాళ్ళు, షుగరు, గుండె, ఊపిరితిత్తుల, మూత్రపిండాల జబ్బులున్నవాళ్ళు అయితే బీ. వీళ్ళకూ పరీక్ష అక్కర్లేదు, అవసరాన్ని బట్టి మందు మొదలుపెట్టండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, మగత, కళ్ళెలో రక్తం, గోళ్ళు నీలబడటం కనిపిస్తే సీ. ఆలస్యం లేకుండా ఆసుపత్రి, పరీక్ష, మందు.

చూశారా, మొదటి రెండు గుంపుల్లో వైరస్ పేరు ఎవరూ అడగలేదు. మనిషి ఎవరు, రోగం ఎటు పోతోంది అన్న రెండు ప్రశ్నలతోనే పని జరిగింది.

ఆ మందు ఒసెల్టామివిర్. దాన్ని రోష్ సంస్థ అనుమతితో మన హైదరాబాద్ హెటిరో తయారుచేసింది. దాని ముడిసరుకు అనాస పువ్వు నుంచి తీస్తారంటే ఆడవాళ్ళు నవ్వుతారు. నిజమే, బిర్యానీలో వేసే అనాస పువ్వే. అలాగని స్వైన్ ఫ్లూకు బిర్యానీ మందు కాదు. పువ్వులోని షికిమిక్ ఆమ్లాన్ని తీసి, ఎన్నో రసాయన మార్పులు చేస్తేగాని మాత్ర కాదు. ఆ మాత్ర కూడా జ్వరం వచ్చిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. కాబట్టి ‘ఎన్నో రోజు’ అన్న ప్రశ్నకు మందంత విలువ ఉంది.

4. లక్షణమే లేని రోజు

ఇక మన జిల్లా ముచ్చట. 2020 ఏప్రిల్‌లో కరోనాతో సూర్యాపేట పేరు రాష్ట్రమంతా మోగింది. కూరగాయల మార్కెట్ ప్రాంతం నుంచి ఒక్కో వీధికి పాకుతూ ఏప్రిల్ మూడో వారానికి జిల్లాలో కేసులు 80 దాటాయి. పెద్ద అధికారులు హైదరాబాద్ నుంచి దిగారు. ఆ రోజుల్లోనే అష్టాచమ్మా సంగతి పత్రికలకెక్కింది. లాక్‌డౌన్‌లో పొద్దుపోక ఇరుగుపొరుగు కలిసి ఆడిన అష్టాచమ్మా నుంచి 30 మందికి పైగా అంటుకుందని అధికారులు చెప్పినట్టు రాశారు.

ఆ ఆటను కళ్ళముందు పెట్టుకోండి. అరుగు మీద సుద్దముక్కతో గీసిన గళ్ళు, నాలుగు గవ్వలు, చుట్టూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా నలుగురు, వెనక చూస్తూ ఇంకో ఇద్దరు. ఒకరి చేతి గవ్వలు ఒకరి చేతికి. గవ్వ వెల్లకిలా పడగానే అందరూ ఒకేసారి అరుస్తారు, నవ్వుతారు. ఊపిరి ఊపిరికి కలవాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. ఆ ఆడినవాళ్ళను ఆడిపోసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కాని తుమ్మని, దగ్గని, జ్వరం లేని మనిషి కూడా అంటించగలడని అప్పటికి ఎంతమందికి తెలుసు? కరోనా సోకిన వాళ్ళ నుంచి లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే అది పక్కవాళ్ళకు పాకుతుంది. ఫ్లూ కూడా దాదాపు ఒకరోజు ముందే మొదలుపెడుతుంది.

అదే కాలంలో కోదాడ దాటి రామాపురం క్రాస్ రోడ్డు దగ్గరికి వెళ్ళినవాళ్ళకు చెక్‌పోస్టు గుర్తుండే ఉంటుంది. జాతీయ రహదారి మీద బండి ఆపడం, నుదుటికి జ్వరం గన్ను పెట్టడం, అంకె చూసి పొమ్మనడం. ఎండలో బైకు నడిపి వచ్చినవాడి నుదురు కాలుతుంది. పారాసిటమాల్ వేసుకుని ఏసీ కారులో వచ్చినవాడి నుదురు చల్లగా ఉంటుంది. గన్నుకు జ్వరం తెలుస్తుంది కాని జబ్బు తెలియదు. ఆ గన్ను పట్టుకుని రోజంతా ఎండలో నిలబడ్డ సిబ్బంది శ్రమను చిన్నచేయడం కాదు ఇది, ఒక్క లక్షణాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడం.

ఇంకో విచిత్రం ఉంది. మనుషుల్లో కరోనా కుటుంబపు వైరస్‌లు మొదట దొరికింది 1960లలో జలుబు మీద పరిశోధన చేస్తున్నప్పుడే. ఇంగ్లండ్‌లో సాలిస్బరీ దగ్గర జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం ఉండేది. వాలంటీర్లు పది రోజులు అక్కడే ఉండి, కావాలని జలుబు అంటించుకునేవారు. అక్కడ దొరికిన వైరస్‌ను మైక్రోస్కోపు కింద చూసి, చుట్టూ కిరీటంలా ఉందని 1968లో కరోనా అని పేరు పెట్టారు. ఆ కుటుంబంలో నాలుగు వైరస్‌లు ఇప్పటికీ మనకు మామూలు పడిశాన్నే తెస్తున్నాయి. అదే కుటుంబంలో ఇంకొకటి 2020లో ఊళ్ళు మూయించింది. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చేసరికి దానికీ ముక్కు కారడం, గొంతు నొప్పే ముందు లక్షణాలయ్యాయి. ముక్కు మూసుకుపోకుండానే వాసన పోవడం అన్న గుర్తు కూడా చాలామందిలో కనిపించకుండా పోయింది. రెండేళ్ళలో గుర్తుల పట్టికే మారిపోయింది.

5. మన నేలకు మన పట్టిక

జలుబుకు ఒక గడి, ఫ్లూకు ఒక గడి, కరోనాకు ఒక గడి ఉన్న పట్టికలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. అవి చలిదేశాల్లో తయారైన పట్టికలు. మనకు కనీసం ఇంకో రెండు గడులు కావాలి.

ఒకటి ఘాటు గడి. మాఘ ఫాల్గుణాల్లో కల్లంలో ఎండుమిర్చి తిరగేసే వాళ్ళకు తుమ్ములు ఆగవు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు ఊక దుమ్ముతో ముక్కు కారుతూనే ఉంటుంది. కళ్ళు దురద, తెల్లని పల్చని చీమిడి, జ్వరం లేకపోవడం, ఆ చోటు వదిలితే తగ్గడం దీని గుర్తులు. మహమ్మారి రోజుల్లో వీళ్ళని చూసి బస్సులో సీటు వదిలి లేచిపోయినవాళ్ళు ఉన్నారు.

రెండోది డెంగీ గడి, ఇది ప్రాణాలతో పని. మన వైపు ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర ఇంకోసారి తలెత్తుతుంది. ఆ వానాకాలంలోనే డెంగీ కూడా ఉంటుంది. రెండింట్లోనూ జ్వరం హఠాత్తుగా వస్తుంది, ఒళ్ళు విరిచేస్తుంది. తేడా ముక్కు, గొంతు దగ్గర దొరుకుతుంది. జ్వరం, కళ్ళ వెనక నొప్పి ఉండి దగ్గు, జలుబు లేకపోతే డెంగీని అనుమానించాలి. అలాంటప్పుడు ఒళ్ళునొప్పులకని ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ జాతి గోలీలు వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఏదో తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే క్షేమం. డెంగీలో ఇంకో మోసం, జ్వరం దిగిన రోజే కష్టకాలం మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం కనిపిస్తే జ్వరం లేదుగా అని కూర్చోకూడదు.

6. సుబ్బారావు మందు ఎవరికి

2021 మే నెలలో రెండో తాకిడి ఉధృతంగా ఉన్నప్పుడు తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వే మొదలైంది. ముందు వరుసలో ఉన్న ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, మీరే ఆ గడపలన్నీ తొక్కారు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, జ్వరం ఉందంటే కిట్ చేతిలో పెట్టి, రోజూ కనుక్కున్నారు. 2009 నాటి ఏ, బీ, సీ తెలివే మళ్ళీ వీధుల్లో నడిచింది.

అయితే ఆ కిట్లలో పారాసిటమాల్‌తో పాటు యాంటిబయాటిక్ కూడా ఉండేది. అది అప్పటి ఆలోచన. దేశమంతా అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వాడేసింది. డాక్సీసైక్లిన్ ఎవరి వంశమో తెలుసా? ఆరియోమైసిన్‌తో మొదలైన టెట్రాసైక్లిన్‌ల వంశం, సుబ్బారావు ప్రయోగశాల ఇచ్చిన సంతతి. ఇళ్ళలో ఉండి కోలుకుంటున్న కరోనా రోగులకు ఈ రెండు మందుల వల్లా లాభం లేదని ఆ 2021లోనే బ్రిటన్‌లో చేసిన పెద్ద పరీక్షల్లో తేలింది. కారణం చిన్నది: యాంటిబయాటిక్ బాక్టీరియాను చంపుతుంది, జలుబు, ఫ్లూ, కరోనా మూడూ వైరస్‌లు.

మరి ఆ మందు పనికిరానిదా? కానే కాదు. 1918లో చనిపోయినవాళ్ళలో ఎక్కువమందిని చంపింది ఫ్లూ తర్వాత ఊపిరితిత్తుల్లో చేరిన బాక్టీరియా న్యుమోనియా అని, దాచి ఉంచిన కణజాలాల్ని మళ్ళీ పరిశీలించినవాళ్ళు చెప్పారు. ఆ కాలానికి యాంటిబయాటిక్ అన్నదే లేదు. సుబ్బారావు బృందం మందు 30 ఏళ్ళు ముందొచ్చి ఉంటే ఎన్ని ఇళ్ళు నిలబడేవో! ఆ న్యుమోనియాకు ఒక గుర్తు ఉంది. జ్వరం తగ్గి, మనిషి లేచి తిరిగి, మళ్ళీ రెండు రోజులకు జ్వరం ఎగదన్నుతుంది, కళ్ళె చిక్కబడి రంగు మారుతుంది, ఛాతీ నొస్తుంది. అక్కడ ఆ మందు ప్రాణదాత. పడిశం మొదటి రోజున సూది వేయించుకుని, మూడు గోలీలు మింగి, తగ్గగానే మానేసేవాళ్ళ వల్ల ఆ మందు మొద్దుబారి, అసలు అవసరం వచ్చిన రోజున పనిచేయకుండా పోతోంది.

7. మూడు ప్రశ్నలు

ఇంత తిరిగి వచ్చాక చేతిలో మిగిలినవి మూడు ప్రశ్నలు. ఎన్నో రోజు? ఇంట్లో ఎవరున్నారు? ఊపిరి ఎలా ఉంది?

మొదటి ప్రశ్నకు కాగితం చాలు. జ్వరం వచ్చిన రోజు, గంట రాసి పెట్టుకుంటే ఫ్లూ మందు గడువు తెలుస్తుంది, డెంగీ కష్టకాలం తెలుస్తుంది, తగ్గి తిరగబెట్టిన జ్వరం తెలుస్తుంది. రెండో ప్రశ్న రోగి గురించే కాదు, పక్క గదిలో మనిషి గురించి కూడా. 20 ఏళ్ళ పిల్లవాడికి పడిశమే కావచ్చు, అదే వైరస్ షుగరున్న నాయనమ్మకు పడిశం కాకపోవచ్చు. అందుకే మహమ్మారి రోజుల్లో ప్రతి ముక్కుకారుడునీ పెద్దదే అనుకుని, విడి గది, కిటికీ తెరవడం, మాస్కు ఆ పూటే మొదలుపెట్టాలి. పేరు తర్వాత తెలిసినా ఫర్వాలేదు.

మూడో ప్రశ్నకు 2021లో ఆక్సీమీటర్లు కొన్నాం. 94 కిందికి దిగితే ఆసుపత్రికి అని నేర్చుకున్నాం. ఇప్పుడు వాటిలో సగం బ్యాటరీలు అయిపోయి బీరువాల్లో ఉన్నాయి. బ్యాటరీ అక్కర్లేని పద్ధతి ఏఎన్‌ఎంలకు తెలిసినదే. రోగి కదలకుండా ఉన్నప్పుడు పొట్టో ఛాతీయో ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం నిండా లెక్కపెట్టడం. రెండు నెలలు నిండని పసిగుడ్డుకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేళ్ళలోపు పిల్లలకు 40. ఆ అంకె చేరిందంటే అది ముక్కు జబ్బు కాదు, ఊపిరితిత్తుల జబ్బు. నెమ్మదిగా ఉన్న పెద్దవాళ్ళకు 12 నుంచి 20 మామూలు, 30 దగ్గరపడితే బండి మాట్లాడాలి.

కోదాడ వెళ్ళే ఆఖరి బస్సుకు ఇంకా టైముంది కనుక ఒక్క నిమిషం. ముందు వరుసలో అక్క చేతి గడియారం చూసి మొదలు చెబుతుంది, ఆపమన్నప్పుడు ఆపాలి. పక్కవాళ్ళవి లెక్కపెట్టండి, సొంతవి కాదు. మన ఊపిరి మనం లెక్కపెడితే నెమ్మదించేస్తుంది. పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్న తల్లులు చొక్కా కాస్త పైకి తీసి పొట్ట చూడండి. సరే అక్కా, మొదలుపెట్టు.